మనసొప్పని ఓటు

కోస్టా గవ్రాస్ 2019లో తీసిన ‘అడల్ట్స్ ఇన్ ది రూమ్’ చూశాక నాకు ఒక వెలితి మిగిలింది. గ్రీస్ ఆర్థికమంత్రిగా చేసిన వరూఫాకిస్ పుస్తకం ఆధారంగా తీసిన సినిమా. కథంతా యూరో మంత్రుల మూసిన తలుపుల వెనకే నడుస్తుంది. ఆయన 2015 జులై 6న రాజీనామా చేశాడు. నన్ను పట్టుకుని వదలనిది ఆ తర్వాతి ఆగస్టు. అందరూ చూస్తుండగా, వారం తిరక్కుండా, రెండు పార్లమెంట్లు ఒకే అప్పు మీద ఓటేశాయి.

అప్పు 86 బిలియన్ యూరోల వరకు. ఇచ్చేది యూరో దేశాల ఉమ్మడి నిధి. బదులుగా పెన్షన్ల కోత, పన్నుల పెంపు, ప్రభుత్వ ఆస్తుల అమ్మకం. ఇలాంటి షరతులనే జులై 5 రిఫరెండంలో 61 శాతం గ్రీకులు వద్దన్నారు. సరిగ్గా నలభయ్యో రోజున, ఆగస్టు 14న, రాత్రంతా వాదులాడుకున్నాక ఏథెన్స్ సభలో 300 మందికి 222 మంది సరేనన్నారు. చదవాల్సిన బిల్లు దాదాపు 400 పేజీలు! ప్రధాని సిప్రాస్ సొంత పార్టీలోనే నలభై మందికి పైగా కలిసిరాలేదు. ప్రతిపక్షం ఓట్లతో గట్టెక్కాడు. నేను నమ్మని ఒప్పందం మీద సంతకం పెట్టానని జులైలోనే ఆయన టీవీలో చెప్పాడు కూడా.

ఐదు రోజులకి బెర్లిన్. ఇలాంటి సాయాలకి పార్లమెంటు ముందస్తు అనుమతి ఉండాల్సిందేనని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2011లో తేల్చేసింది. (1991లో మన పీవీ ప్రభుత్వం బంగారం లండన్‌కి తరలించి అప్పు తెచ్చినప్పుడు, దానికి ముందు సభలో ఓటింగేమీ జరగలేదు.) అందుకే వేసవి సెలవుల మధ్యలో సభ్యుల్ని వెనక్కి పిలిపించారు. అనుకూలం 454, వ్యతిరేకం 113, తటస్థం 18. మెర్కెల్ పక్షంలోనే 63 మంది కాదన్నారు. అవుననమని సభని అడిగిన ఆర్థికమంత్రి షాయ్‌బ్లె, గ్రీస్‌ని ఐదేళ్ళు యూరో నుంచి పక్కనపెట్టే ఆలోచనని అంతకు నెల ముందే ముందుకు తెచ్చినవాడు. పుచ్చుకునేవాడికీ నమ్మకం లేదు, ఇచ్చేవాడికీ లేదు.

ఇదంతా నాటకం అంటారు కొందరు. ఆ మర్నాడే, ఆగస్టు 20న, గ్రీస్ యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుకి 3.2 బిలియన్లు కట్టాలి మరి. రిలీజ్ డేట్ ఖరారయ్యాక రివ్యూకొచ్చిన కోడ్‌కి ‘అప్రూవ్’ నొక్కడం మా వృత్తిలో కొత్తేం కాదు. కానీ ఈ పోలిక నాకు ఏథెన్స్‌కి నప్పినట్టు బెర్లిన్‌కి నప్పదు. బెర్లిన్ కాదని ఉంటే జర్మన్ బ్యాంకుల షట్టర్లు పడేవి కావు. ఏథెన్స్ అప్పటికే బ్యాంకులు మూతపడి, ఏటీఎంలో రోజుకి 60 యూరోలే దొరికిన వారాలు చూసొచ్చింది. 63 మంది జర్మన్ సభ్యులు తమ ఓటర్ల తరఫున కాదనగలిగారు. గ్రీకు ఓటర్లు ముందే స్వయంగా కాదన్నారు, అది చెల్లలేదు. అయినా రెండు చోట్లా ఎవరి ఓటు ఎటో పేరుపేరునా నమోదైంది. నాటకమే అయితే ఈ పేర్లెందుకు?

ఆగస్టు 20న 13 బిలియన్లు ఏథెన్స్ చేరాయి. అందులోంచి 3.2 అదే రోజు సెంట్రల్ బ్యాంకుకి వెళ్ళిపోయాయి. ఆ రాత్రే సిప్రాస్ రాజీనామా. కాదన్న ఆయన పార్టీవాళ్ళలో చాలామంది కొత్త పార్టీ పెట్టి సెప్టెంబరు ఎన్నికలకి వెళ్ళారు. సభలో అడుగుపెట్టాలంటే 3 శాతం ఓట్లు రావాలి. వాళ్ళకి కాస్త తక్కువ పడ్డాయి. సిప్రాస్ గెలిచి మళ్ళీ ప్రధాని అయ్యాడు.