నల్ల ఓడలు నేర్పిన పాఠం

1854 మార్చి. జపాన్‌లోని యొకొహామా తీరం. గుండ్రటి పట్టాలమీద ఓ బుల్లి రైలు పొగలు చిమ్ముతూ తిరుగుతోంది. అసలు రైలులో నాలుగోవంతు ఉంటుందేమో. పెట్టెలో ఆరేళ్ల పిల్లాడు కూడా పట్టడు. అయినా చూడ్డానికొచ్చిన ఓ జపాన్ అధికారి ఎక్కాల్సిందేనని పట్టుబట్టాడు. లోపల చోటు లేక పెట్టె పైకప్పుమీదే కూర్చున్నాడు. వదులు అంగీ గాలికి రెపరెపలాడుతుంటే, రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతూ చుట్లు కొట్టాడు.

ఆ బొమ్మ రైలును కానుకగా తెచ్చింది అమెరికా నౌకాదళాధికారి మాథ్యూ పెర్రీ. కానుక ఒడ్డున ఉంది. ఫిరంగులు సముద్రంలో ఉన్నాయి. అంతకుముందు ఏడాది జులైలో నాలుగు యుద్ధనౌకలతో వచ్చి, 'రేవులు తెరుస్తారా లేదా, మళ్లీ వస్తా' అని చెప్పి వెళ్లాడాయన. చెప్పినట్టే మరిన్ని ఓడలతో వచ్చాడు. రెండొందల ఏళ్లకు పైగా పరాయివాళ్లకు తలుపులు మూసుకున్న దేశం అది. నాగసాకిలో డచ్చివాళ్లకూ చైనా వర్తకులకూ తప్ప ఐరోపా, అమెరికా వ్యాపారులెవరికీ ప్రవేశం లేదు. ఆ 'నల్ల ఓడలను' చూశాక మార్చి 31న ఒప్పందంమీద సంతకం పెట్టక తప్పలేదు.

సంతకం ఒకటితో ఆగితే బాగుండేది. 1858 వచ్చేసరికి అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా, నెదర్లాండ్స్... అయిదు దేశాలూ వరుసకట్టాయి. వాళ్ల పౌరుడు జపాన్‌లో నేరం చేస్తే జపాన్ న్యాయస్థానం విచారించకూడదు. దిగుమతులమీద సుంకం ఎంత వెయ్యాలో జపాన్ సొంతంగా నిర్ణయించుకోకూడదు. పొరుగున ఉన్న చైనా అప్పటికే నల్లమందు యుద్ధంలో ఓడి హాంకాంగ్‌ను పోగొట్టుకుంది. భారతదేశం సంగతి సరేసరి, అదే ఏడాది బ్రిటిష్ రాణి పాలనలోకి వెళ్లింది. తర్వాత వంతు మనదేనని జపాన్‌వాళ్లు భయపడ్డారంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

ఆ భయమే 1868లో పాత పాలనను కూల్చింది. పదిహేనేళ్ల మెయిజీ చక్రవర్తి పేరుమీద యువ సమురాయ్‌లు అధికారం చేపట్టారు. నాలుగేళ్లు తిరక్కుండానే వాళ్లు చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. ప్రభుత్వంలోని ముఖ్యులే మూటాముల్లె సర్దుకుని ప్రపంచయాత్రకు బయల్దేరారు! ఇవాకురా అనే పెద్దాయన నాయకుడు. 1871 నుంచి 1873 దాకా అమెరికా, ఐరోపాల్లో కర్మాగారాలు, బడులు, బ్యాంకులు, జైళ్లు... ఒకటని కాదు, అన్నీ చూశారు, అన్నీ రాసుకున్నారు. చదువుకోమని అయిదుగురు ఆడపిల్లలను కూడా వెంట తీసుకెళ్లారు. అందరికంటే చిన్నది సుదా ఉమెకో, ఆరేళ్ల పాప. అమెరికాలో చదివి తిరిగొచ్చిన ఆమే 1900లో టోక్యోలో మహిళల కోసం విద్యాసంస్థ పెట్టింది.

ఆ యాత్రలో అన్ని పాఠాలూ బడి గురించే కాదు. 1873లో బెర్లిన్‌లో జర్మనీ అధినేత బిస్మార్క్ వాళ్లకు విందిచ్చాడు. అంతర్జాతీయ న్యాయమన్నది పెద్ద దేశాలు తమకు లాభం ఉన్నంతవరకే పాటిస్తాయనీ, లేదంటే బలమే మాట్లాడుతుందనీ మొహమాటం లేకుండా చెప్పాడు. అతిథులు ఆ మాటను బాగానే ఒంటపట్టించుకున్నారు.

ఎంత బాగా అంటే... రెండేళ్లు తిరిగేసరికి, 1875లో, ఓ జపాన్ యుద్ధనౌక కొరియాలోని గాంగ్వా దీవి దగ్గరికి వెళ్లింది. కొరియా అప్పటికి తలుపులు మూసుకున్న దేశం. కోటలోంచి కాల్పులు జరిగాయి. జపాన్‌కు కావలసిందీ అదే. కోటను ధ్వంసం చేసింది. 1876 ఫిబ్రవరిలో యుద్ధనౌకలతో వెళ్లి ఒప్పందం రాయించుకుంది. రేవులు తెరవాలి. జపాన్ పౌరుడు కొరియాలో నేరం చేస్తే కొరియా విచారించకూడదు. ఎక్కడో విన్నట్టు లేదూ? అవే షరతులు! పెర్రీ ఓడలు కనబడి ఇరవై మూడేళ్లు. విచిత్రమేమంటే, అయిదు దేశాలు తన మెడకు తగిలించిన షరతులు అప్పటికింకా తొలగనే లేదు. విదేశీయులను విచారించే హక్కు జపాన్‌కు 1899లో గానీ దక్కలేదు. సుంకాలమీద పూర్తి హక్కు రావడానికి 1911 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత కథ పరుగే. 1895లో చైనాను ఓడించి తైవాన్‌ను తీసుకుంది. 1905 మేలో సుషిమా జలసంధి దగ్గర రష్యా నౌకాదళాన్ని మట్టి కరిపించింది. బాల్టిక్ సముద్రం నుంచి ఏడు నెలలు ప్రయాణించి వచ్చిన ఓడల్లో చాలాభాగం రెండ్రోజుల్లో మునిగిపోవడమో పట్టుబడటమో జరిగింది. తెల్లవాళ్ల సామ్రాజ్యాన్ని ఓ ఆసియా దేశం ఓడించిందన్న వార్త మనదేశాన్నీ ఊపేసింది. ఆ యుద్ధవార్తల కోసం రోజూ పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశానని నెహ్రూ ఆత్మకథలో రాసుకున్నారు. అప్పుడాయనకు పదిహేనేళ్లు.

ఆ సంబరం కొరియాలో లేదు. 1905 చివర్లోనే దాని విదేశాంగ వ్యవహారాలు జపాన్ చేతిలోకి వెళ్లాయి. 1910లో దేశమే కలిసిపోయింది. రైళ్లు వేశాం, బడులు కట్టాం అన్నారు పాలకులు. ఆ మాట మనకూ కొత్తది కాదు. ఆ బడుల్లోంచే కొరియా భాష క్రమంగా మాయమైంది. 1940 నుంచి జపాన్ తరహా పేర్లు పెట్టుకోమని ఒత్తిడి చేశారు. 1919 మార్చి 1న స్వాతంత్ర్యం కావాలంటూ వీధుల్లోకి వచ్చినవాళ్లను సైన్యంతో అణచివేశారు.

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మారథాన్ గెలిచిన సోన్ కీ చుంగ్ కొరియా యువకుడు. పరుగెత్తింది మాత్రం జపాన్ తరఫున, 'సోన్ కితెయి' అనే జపాన్ పేరుతో. పతకం తీసుకునేటప్పుడు అతడి తల వంచుకునే ఉంది. ఛాతీమీది జపాన్ జెండా కనపడకుండా బహుమతిగా ఇచ్చిన మొక్కను అడ్డం పెట్టుకున్నాడు. సియోల్‌లోని దోంగా ఇల్బో పత్రిక ఆ ఫొటోలో జెండాను చెరిపేసి అచ్చువేసింది. పాత్రికేయులు జైలుకెళ్లారు, పత్రిక నెలల తరబడి మూతపడింది.

'ఆసియా ఆసియావాసులదే' అన్నది జపాన్ నినాదం. 1931లో మంచూరియా, 1937లో మిగతా చైనామీద దాడి, 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో రంగూన్. ఈ చివరి పేరు ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల్లోని పెద్దవాళ్లకు బాగా తెలుసు. రంగం వెళ్లి రేవుల్లో, మిల్లుల్లో కష్టం చేసుకున్న కుటుంబాలు ఎన్నో. బాంబులు పడ్డాక బర్మా నుంచి లక్షలాది భారతీయులు పారిపోయి వచ్చారు, చాలామంది అడవుల్లో, కొండల్లో నడిచే వచ్చారు. దారిలో ప్రాణాలు పోయినవాళ్లకు లెక్కలేదు. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలమీదా బాంబులు వేశాయి. 1905లో ఆ దేశం గెలుపుకి పొంగిపోయిన తరమే అప్పుడు పిల్లాపాపలతో ఊళ్లు ఖాళీ చేసింది.

1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో మిస్సోరి అనే అమెరికా యుద్ధనౌకమీద జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది. ఆ కార్యక్రమం కోసం అమెరికన్లు ఓ పాత జెండాను తమ దేశం నుంచి ప్రత్యేకంగా తెప్పించి, అందరికీ కనిపించేలా చట్రంలో పెట్టి తగిలించారు. ముప్ఫై ఒక్క నక్షత్రాలున్న ఆ జెండా 1853లో పెర్రీ ఓడమీద ఎగిరింది. కొత్త అగ్రరాజ్యానికీ జ్ఞాపకశక్తి బాగానే ఉంది!

కొరియాకు విముక్తి వచ్చింది, వెంటనే రెండు ముక్కలైంది. 1988లో సియోల్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజు సోన్ కీ చుంగ్ జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి పరుగెత్తుకుంటూ వచ్చారు. డెబ్భై ఆరేళ్ల వయసులో గంతులేస్తున్న ఆయన్ని చూసి స్టేడియం లేచి నిలబడింది. ఒలింపిక్ రికార్డుల్లో మాత్రం ఆ 1936 నాటి స్వర్ణపతకం ఇప్పటికీ జపాన్ ఖాతాలోనే ఉంది.