గాజు నెగెటివ్‌ల గదిలో

మన పూజగదుల్లో కనిపించే రామకృష్ణ పరమహంస ఫొటో, అర్ధనిమీలిత నేత్రాలతో బాసింపట్టు వేసుకుని కూర్చున్నది, ఒకసారి పరీక్షగా చూడండి. ఆయన వెనక కమానులా గుండ్రటి అంచు ఒకటి ఉంటుంది. దక్షిణేశ్వరంలో ఆ ఫొటో తీసిన అవినాశ్‌చంద్ర దా చేతిలోంచి గాజు నెగెటివ్ జారి పైభాగం పగిలిందనీ, పగిలిన మేర గుండ్రంగా కోసేసి బొమ్మను దక్కించుకున్నాడనీ చెబుతారు. అతను పని నేర్చుకున్నది కలకత్తాలోని బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలోనట.

ధర్మతల్లాలో, ఎస్.ఎన్. బెనర్జీ రోడ్డు మీద ఆ స్టూడియో భవనం ఇంకా నిలబడే ఉంది. 1860లలో మొదలైన సంస్థ 2016లో మూతపడింది. అంతకు చాలా ముందే, 1991 అగ్నిప్రమాదంలో, నూరేళ్లకు పైగా పోగైన నెగెటివ్‌లు కాలి బూడిదయ్యాయి. ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి పై అంతస్తు కిటికీల వైపు చూస్తుంటే గుండె బరువెక్కింది. నన్ను ముందుగా ఇక్కడికి పంపింది శ్యామ్‌బజార్‌లో ఉండే ఒక పెద్దాయన. పాత ఫొటోలు, కెమెరాలు సేకరిస్తారు. "ముందు అది చూసి రండి. అప్పుడు నా గది ఎందుకో తెలుస్తుంది" అన్నారు ఫోన్లో, చక్కటి తెలుగులో. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి రిటైరైన బెంగాలీ ఆయన. అక్కడ చుట్టూ ఉన్న తెలుగు కుటుంబాలే ఆయనకు భాష నేర్పాయి.

ఆయన గది చిన్నది. కిటికీలకు మందపాటి తెరలు. మధ్యలో మూడుకాళ్ల స్టాండు మీద టేకు కెమెరా, తోలు బెలోస్, తళతళలాడే ఇత్తడి లెన్సు. గోడ వారగా స్టీలు బీరువాలు, వాటిలో కాగితం కవర్లలో నిలువుగా పేర్చిన గాజు పలకలు. పడుకోబెడితే పైవాటి బరువుకు కిందివి చిట్లుతాయట. అరఅరకూ సిలికాజెల్ పొట్లాలు. "ఈ ఊరి తేమే నా శత్రువు. లెన్సుకు బూజు పడుతుంది, ఫొటోని వెండిపురుగు తింటుంది" అన్నారు.

ఒక ఫొటో అంచు పట్టుకుని భూతద్దం కింద పెట్టారు. "కాగితం పీచు కనిపిస్తోందా?" కనిపించింది. అంటే అది ఆల్బుమెన్ ప్రింటు అన్నమాట. కోడిగుడ్డు తెల్లసొనలో ఉప్పు కలిపి పల్చటి కాగితానికి పూసి, వెండి లవణంతో తడిపి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో అచ్చు తీసేవారు. పాతబడ్డాక పసుపు తిరిగి, గోధుమరంగుకు వస్తుంది. తర్వాత చూపించిన ఫొటోలో పీచు లేదు, నల్లటి చోట్ల అంచుల్లో వెండి మెరుపు ఉంది. అది జెలటిన్, తరువాతి కాలానిది. పాతదని చెప్పి అంటగట్టే వాళ్ల నుంచి ఈ రెండు గుర్తులే ఆయన్ని చాలాసార్లు కాపాడాయి.

ఫొటోగ్రఫీ ఈ ఊరికి వచ్చిన వేగం ఆశ్చర్యం. పారిస్‌లో డగేర్ పద్ధతి బయటపెట్టింది 1839 ఆగస్టులో. 1840 మొదట్లోనే కలకత్తాలో థాకర్ స్పింక్ కంపెనీ కెమెరాల అమ్మకానికి ప్రకటన ఇచ్చింది. 1856కల్లా బెంగాల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. అయితే ఆ రోజుల్లో తడి కొలోడియన్ పని ఎంత యాతనో ఆయన చెబుతుంటే చెమట పట్టింది. పలక మీద మందు పూసి, అది ఆరేలోగా ఫొటో తీయాలి, చీకట్లో కడగాలి. మే నెల కలకత్తాలో గాజు ఎంతసేపు తడిగా ఉంటుంది?

అంత కష్టపడి తీసిన పలకలు ఏమయ్యాయి? "చాలా స్టూడియోల వాళ్లు వేడినీళ్లలో నానబెట్టి పైపొర గీకేసి, పటాలు కట్టేవాళ్లకు అద్దాలుగా అమ్మేశారు" అన్నారాయన. రసెల్ స్ట్రీట్ వేలాల్లో, పాత సామాన్ల వాళ్ల గోనెసంచుల్లో మిగిలినవే ఆయన ఏరుకున్నారు. ఇక్కడ నాకు రాజా దీన్‌దయాళ్ గుర్తొచ్చారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు, 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి కనుకే హైదరాబాద్ పాతముఖం ఈరోజు మనకు కనిపిస్తోంది.

వెళ్లబోతుంటే ఒక అట్టఫొటో తీసి నా చేతిలో పెట్టారు. తలపాగా ఆయన, పక్కన అడ్డబాస, కాసుల పేరుతో ఆవిడ, ముగ్గురు పిల్లలు. "మీవాళ్లేనమ్మా. ఖరగ్‌పూర్‌లో పాత పేపర్ల కొట్లో దొరికింది. ఎవరో కనుక్కోవాలని ఎంతో తిరిగాను." వెనక్కి తిప్పితే స్టూడియో ముద్ర ఒక్కటే ఉంది. ఎవరి ఇల్లో, ఏ ఊరో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు.

మీ ఇంట్లో పాత ఫొటోలుంటే ఈ వారమే బయటకు తీయండి. వెనకవైపు, అంచున, మెత్తటి పెన్సిల్‌తో పేర్లు, ఊరు, వరస, తెలిస్తే సంవత్సరం రాయండి. పెన్ను వద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. లామినేషన్ చేయించకండి. గాజు పలకలు దొరికితే కడగకండి, అంచులు పట్టుకుని విడివిడిగా కాగితంలో చుట్టి ఉంచండి. పేర్లు చెప్పగల అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇళ్లవాళ్లు ముందు ఆ పని మీద కూర్చోండి.