లీమా నగరంలో మేమిద్దరము

ఈ కళాశాలలో మేమిద్దరము మూడు సంవత్సరాలు ఒకే కప్పు కింద చదువుకున్నాము. ఒకరిది ఉర్దూ మాధ్యమము, మరొకరిది తెలుగు మాధ్యమము. రెండు తరగతుల నడుమ అడ్డుగా ఉన్నది ఒక వరండా మాత్రమే. అయినను ఆ మూడేండ్లలో ఒకరితో ఒకరము పలుకరించుకున్న జ్ఞాపకము లేదు. ఆ వరండా దాటుటకు మేము దక్షిణ అమెరికా దాకా పోవలసి వచ్చింది.

2018 జూలైలో బంగాళాదుంప సాగుపై శిక్షణ నిమిత్తము, వేర్వేరు సంస్థల ఉద్యోగులుగా, పెరూ రాజధాని లీమాకు బయలుదేరాము. విమానంలో ఒకరినొకరము గుర్తుపట్టి, మర్యాదకు చిరునవ్వు నవ్వి ఊరుకున్నాము.

జూలై అక్కడ శీతకాలము. లీమా వాన అంతగా ఎరుగని ఎడారి తీరాన ఉన్నది. అయినా సముద్రం మీది మంచు నగరాన్ని కప్పివేసి, కంటికి కనబడనంత సన్నని తుంపరగా రాలుతూ ఉండేది. మూడు దినాలు సూర్యదర్శనము కాలేదు. ఇండ్ల మీద ఎరుపు తెలుపు జెండాలు. 1821 జూలై 28న ఆ దేశ స్వాతంత్ర్యాన్ని ప్రకటించినది ఈ నగరపు ప్రధాన చతురస్రంలోనే.

1535లో స్పెయిన్ సేనాని పిజారో స్థాపించిన నగరమిది. ఇక్కడి సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయము 1551 నాటిది. పాత వీధులలో మమ్ము నిలిపివేసినవి చెక్కబాల్కనీలు. లోపలివారు బయటకు కనబడక వీధిని చూడగల చెక్కడపు జాలీలు. స్పెయిన్‌ను ఏలిన అరబ్బుల పనితనము సముద్రము దాటి ఇక్కడికి చేరింది. మాలో ఒకరికి నాయనమ్మగారి ఇంటి జాలీ కిటికీ గుర్తుకు వచ్చింది. ఆ మాట పైకి అన్నారు. మా మొదటి సంభాషణ అదే.

నాలుగవ నాడు మాలో ఒకరి చేతిసంచి సిటీబస్సులో పోయింది. ఉన్న డబ్బంతా అందులోనే. ఎవరి సంచి అన్నది ఇక్కడ వ్రాయబోము. ఎవరికీ చెప్పరాదని అప్పుడే అనుకున్నాము. ఇన్నేండ్లు నమ్ముకున్న ఇంగ్లీషు ఆ వీధిలో అక్కరకు రాలేదు. పండ్లమ్మే వృద్ధురాలు మా సైగలు చూసి, విషయము గ్రహించి, ఆకాశము వంక చూస్తూ "ఓహలా" అన్నది. దేవుడు తలిస్తే అనే అరబ్బీ పలుకు నుండి పుట్టిన స్పానిష్ మాట అదని తరువాత తెలిసింది. ఇన్షా అల్లాహ్‌కు దగ్గరి చుట్టము! పిమ్మట ఆమె రెండు పండ్లు మా చేతుల్లో పెట్టి "నరాన్హ" అన్నది. ఒకరము "నారింజ" అన్నాము, ఇంకొకరము "నారంగీ" అన్నాము. ముగ్గురము నవ్వాము. మన దేశంలో బయలుదేరిన ఆ మాట పారసీకము, అరబ్బీ మీదుగా స్పెయిన్ చేరి, మాకంటె ముందే లీమాకు వచ్చి ఉన్నది.

సంచి దొరకలేదు. మిగిలిన తొమ్మిది దినాలు ఒక్కరి డబ్బుతో ఇద్దరము గడిపాము. లెక్కకు ఒకే నోటుపుస్తకము. తెలుగు లెక్క ఎడమ అట్ట నుండి, ఉర్దూ లెక్క కుడి అట్ట నుండి సాగి, చివరి దినాన నడిమి పుటలో కలుసుకున్నాయి. ఆ బాకీ నేటికీ తీరలేదు. తీర్చబోతే తీసుకొనుట లేదు.

విద్యార్థి మిత్రులారా! మొన్న ఇద్దరము కలిసి కళాశాలకు వచ్చి ఆ వరండా వెడల్పు అడుగులతో కొలిచాము. పన్నెండు అడుగులు.