తిరువనంతపురం సినిమా తిరునాళ్ళు

డిసెంబరు మాసంలో శబరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణించే తెలుగువారిలో అధికులు నల్లని వస్త్రాలు ధరించిన అయ్యప్ప దీక్షాపరులే. 2022 డిసెంబరులో మా ఏడుగురి బృందం సికిందరాబాదులో ఆ బండి ఎక్కినప్పుడు, మెడలో మాలలు లేని మమ్మల్ని చూసి ఎదుటి బెర్తులోని గురుస్వామి ఒకరు "ఎందాకా స్వామీ?" అని ఆరా తీశారు. సినిమాలు చూడడానికి తిరువనంతపురం వెళుతున్నామని చెప్పగా ఆయన విస్తుపోయి, "సినిమా కోసం ఇంత దూరమా! హైదరాబాదులో హాళ్ళు లేవా స్వామీ?" అన్నారు. కొట్టాయంలోను, చెంగన్నూరులోను స్వాములందరూ దిగిపోగానే పెట్టె బోసిపోయింది. ఆయన ప్రశ్న మాత్రం మాతోనే వచ్చింది.

కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం 1996లో కోజికోడ్‌లో ఆరంభమై, అనంతరం తిరువనంతపురంలో స్థిరపడింది. 1998లో ఏర్పడిన కేరళ రాష్ట్ర చలచిత్ర అకాడమీ దీనిని నిర్వహిస్తున్నది. ఉత్తమ చిత్రానికి ఇచ్చే బహుమతి పేరు 'సువర్ణ చకోరం'. మేము చూసినది 27వ ఉత్సవం. డిసెంబరు 9 నుండి 16 వరకు జరిగింది. టాగోర్ థియేటరు, కైరళి, శ్రీ, నిళ, కలాభవన్ వంటి హాళ్ళ మధ్య ఉదయం నుండి రాత్రి వరకు ఆటోలలోను, కాలినడకను తిరగడమే యాత్రికుల పని. మెడలో గుర్తింపు కార్డు, భుజాన గుడ్డసంచి, చేతిలో ప్రదర్శనల పట్టిక ఉన్న మనిషి ఎదురైతే "ఏం చూశారు? ఎలా ఉంది?" అని అడగడానికి పరిచయం అక్కరలేదు. ముక్కూ మొహం తెలియని వారు మనలను ఆపి, ఫలానా సినిమాకు వెళ్ళవద్దని మనవి చేసి తమ దారిన తాము పోతారు!

ఈ అలవాటు ఒక్కనాటిది కాదు. అడూర్ గోపాలకృష్ణన్, ఆయన మిత్రులు 1965లో ఇక్కడ 'చిత్రలేఖ' ఫిల్మ్ సొసైటీని నెలకొల్పారు. సినిమా చూసిన తరువాత దానిని గురించి నలుగురూ కూర్చొని మాట్లాడుకోవడం కూడా చూడడంలో భాగమేనన్న భావన అటువంటి సంఘాల ద్వారానే ఈ నగరంలో పాదుకొన్నది.

ఆ ఏడు అందరి నోటా నానినది లిజో జోస్ పెల్లిస్సేరి తీసిన 'నన్‌పకల్ నేరత్తు మయక్కం'. నడి మధ్యాహ్నపు మగత అని అర్థం. వేళాంగణ్ణి యాత్ర ముగించుకొని వస్తున్న మలయాళీల బస్సులో ఒక పెద్దమనిషి కునుకు తీసి లేచి, దారిలోని తమిళ పల్లెలో దిగి, ఒక ఇంటిలోకి నేరుగా నడిచిపోయి, ఆ ఇంటి మనిషిలా ప్రవర్తిస్తాడు. కథానాయకుడు మమ్ముట్టి. అప్పటికింకా హాళ్ళలో విడుదల కాలేదు కనుక వరుసల పొడవు వర్ణనాతీతం. మా ముందు నిలిచిన విద్యార్థిని ఒకరు ఇది ఆత్మల కథ అన్నారు. ఆమె స్నేహితుడు సరిహద్దుల కథ అన్నాడు. సచివాలయంలో పనిచేస్తానని చెప్పిన నడివయస్కులొకరు "భోజనానంతరం నిద్ర లేచి, నేనెవరిని, ఇక్కడెందుకున్నాను అని చూసేవారు మా ఆఫీసులో పాతికమంది ఉన్నారు" అనగానే వరుస అంతా ఘొల్లుమన్నది. ప్రేక్షకుల వోట్లతో ఇచ్చే బహుమతి చివరకు ఆ చిత్రానికే దక్కింది.

అన్ని అభిప్రాయాలూ ఇంత రుచిగా ఉంటాయని మేము చెప్పబోము. విదేశీ చిత్రమైతే చాలు, అర్థం కాకపోవడమే దాని గొప్పతనమని వాదించే యువకులు కొందరు తగిలారు. సగం హాలు నిద్రించిన ఒక చిత్రాన్ని "అద్భుతం" అని పొగిడిన వారిలో ఒకరు మా పక్క సీటులోనే గురక పెట్టిన వారు. అయితే సువర్ణ చకోరం పొందిన బొలీవియా చిత్రం 'ఉతామా' విషయంలో మాకు భేదాభిప్రాయం లేదు. వానలు ముఖం చాటేసిన పీఠభూమిలో, లామాలను మేపుకొంటూ ఊరు వదలనని భీష్మించిన వృద్ధ దంపతుల కథ అది. మా బృందంలోని అనంతపురం సోదరి హాలు నుండి బయటికి వస్తూ, "ఆ లామాలకు బదులు గొర్రెలను పెడితే మా తాతగారి ఊరే" అన్నారు.

ఈ నగరానికి సినిమాను ప్రేమించిన చరిత్రే కాదు, పోగొట్టుకొన్న చరిత్ర కూడా ఉన్నది. తొలి మలయాళ చిత్రం 'విగతకుమారన్' అనే మూకీని జె.సి. డేనియల్ తమ భూమి అమ్మి తీశారు. 1928 అని కొందరు, 1930 అని కొందరు అనే ఆ చిత్రం ఇక్కడి కాపిటల్ థియేటరులో ప్రదర్శితమైంది. దళిత యువతి పి.కె. రోసీ అందులో నాయర్ స్త్రీ పాత్ర ధరించినందుకు ఆగ్రహించిన వారి దౌర్జన్యానికి గురై, ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. ఆ చిత్రం ప్రతి నేడు ఎక్కడా లేదు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) గతి కూడా అంతే. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ చలనచిత్ర భాండాగారాన్ని తీర్చిదిద్దిన పి.కె. నాయర్ ఈ తిరువనంతపురంలో పుట్టినవారే. బాల్యంలో సినిమా టిక్కెట్ల ముక్కలను కూడా దాచుకొన్న ఆ మహనీయుడు, దేశంలో తయారైన సుమారు 1,700 మూకీలలో తొమ్మిదింటిని మాత్రమే దక్కించగలిగారు.

అయిదవ రోజున కైరళి హాలు వరుసలో రవాణా సంస్థలో కండక్టరుగా చేసి విరమించిన పెద్దలొకరు మాకు తటస్థపడ్డారు. మేము తెలుగువారమని తెలియగానే ఆయన తొలి ప్రశ్న "మీరు 'దాసి' చూశారా?" అని. ఏనాడో తమ ఫిల్మ్ సొసైటీలో చూశారట. బి. నర్సింగరావు గారి ఆ చిత్రం (1988) అయిదు జాతీయ బహుమతులు పొందింది. అర్చన ఉత్తమ నటి అయ్యారు. మా ఏడుగురిలో నలుగురు దానిని చూసి ఉండలేదు. "అది అవార్డు సినిమా కదండీ" అన్నారు మా అకౌంట్స్ మిత్రులు. ఆ మాటకు మనవైపు అర్థమేమిటో పాఠకులకు విశదమే.

అప్పుడు మా బృందంలో పెద్దవారు, ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసినవారు, వరంగల్లు ప్రాంతపు పల్లెలో పుట్టినవారు, మెల్లగా నోరు విప్పారు. దూరదర్శన్‌లో ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ చిత్రాలు వచ్చే రోజులలో, టౌన్‌షిప్ క్వార్టరులో తల్లితో కలిసి ఆయన 'దాసి' చూశారట. దొరల గడీలో వెట్టిచాకిరి చేసే కమలాక్షి కథ నడుస్తుండగా ఆ తల్లి లేచి వంటింటిలోకి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ రాత్రి మాత్రం కుమారునికి ఒక మాట చెప్పింది. తనకొక అక్క ఉండేదనీ, దొరబిడ్డ పెండ్లిలో ఆ పిల్లతో పాటు అత్తవారింటికి ఆడబాపగా పంపివేశారనీ, తిరిగి రాలేదనీ. "అంతకుముందు మా ఇంట్లో ఆ పెద్దమ్మ ఊసే లేదు. సినిమా రాకపోతే అమ్మ ఆ మాట తనతోనే తీసుకుపోయేది" అన్నారు ఫోర్‌మన్ గారు. మాతో ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఈ విషయం మేము వినడం అదే మొదలు. ఆ పెద్దమ్మ పేరేమిటని కండక్టరు గారు అడిగారు. ఆయన చెప్పారు. వరుస ముందుకు జరిగినా వెనుకవారు మమ్మల్ని తొందరపెట్టలేదు.

ఆ సాయంత్రం కండక్టరు గారే మమ్మల్ని తంపానూరులోని ఇండియన్ కాఫీ హౌస్‌కు తీసుకొని వెళ్ళారు. రైల్వే స్టేషను సమీపాన లారీ బేకర్ కట్టిన ఈ ఎర్ర ఇటుకల భవనం ప్రత్యేకంగా చూడదగినది. మెట్లు లేని గుండ్రని గోపురం వంటిది. నేల చుట్లు తిరుగుతూ పైకి పోతుంది, ఆ వాలు పొడవునా గోడవారగా బల్లలు ఉంటాయి. తలపాగా ధరించిన సేవకులు తెచ్చిన మసాలా దోసెలో బీట్‌రూట్ కూర కనిపించి మా వారు కంగారుపడ్డారు గాని, రెండవ ముద్దకు సర్దుకొన్నారు.

అక్కడ మా అకౌంట్స్ మిత్రులు మనసులోని మాట అడిగేశారు: జనం చూడని సినిమా గొప్పదెలా అవుతుంది? ప్రశ్న న్యాయమైనదే. కండక్టరు గారు అరవిందన్ తీసిన 'తంపు' (1978) సంగతి చెప్పారు. నిళా నది ఒడ్డు పల్లెకు సర్కసు వస్తుంది. మూడు రోజులు ఆడి వెళ్ళిపోతుంది. కథ అంతే. సర్కసు చూస్తున్న పల్లెవారి ముఖాలనే కెమెరా ఎక్కువగా చూస్తుంది. దాని అసలు నెగెటివ్ మిగలలేదు. పుణె భాండాగారంలో ఒక ప్రింటు ఉండబట్టి, ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాని ఆధారంగా చిత్రాన్ని పునరుద్ధరించగా 2022 మేలో కాన్ ఉత్సవంలో ప్రదర్శించారు. "ఒక్క ప్రింటు ఉన్నది కనుక ఇవాళ అది గొప్పదా కాదా అని మనం పోట్లాడుకుంటున్నాము. లేకపోతే ఆ పోట్లాట కూడా ఉండదు" అన్నారాయన. మా మిత్రులు పూర్తిగా ఒప్పుకోలేదు. బిల్లు మాత్రం తామే చెల్లించారు.

విడిపోయే ముందు కండక్టరు గారు ఉత్సవ పుస్తకం అంచున మా చేత కొన్ని పేర్లు చెప్పించుకొని రాసుకొన్నారు: 'ఒక ఊరి కథ', 'మా భూమి', 'రంగుల కల'. ప్రతిగా మాకొక చీటీ ఇచ్చారు. అది మలయాళ లిపిలో ఉండడంతో లాడ్జి గుమస్తా గారిని బతిమాలి చదివించుకొన్నాము. మొదటి పేరు 'ఎలిప్పత్తాయం', రెండవది ఊరూరా ప్రజల నుండి చందాలు పోగుచేసి జాన్ అబ్రహాం తీసిన 'అమ్మ అరియాన్'. మూడవ పేరు దగ్గర గుమస్తా గారు చదవడం ఆపి, కుర్చీ లాక్కొని కూర్చొని, ఆ సినిమా తమకెందుకు నచ్చలేదో అరగంటసేపు వివరించారు.