మా మామ్మ వెయ్యో పున్నమి

దోహాలో ఉండే తెలుగువాళ్ళకి నజ్మా గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వచ్చిన కొత్తలో ఎవరో ఒకరి గదిలో దిగిన చోటో, కుటుంబం వచ్చాక మొదటి పోర్షను అద్దెకి తీసుకున్న చోటో, అదీ కాకపోతే సెలవురోజు కూరగాయలకీ కరివేపాక్కీ వచ్చే చోటో అయి ఉంటుంది. మేము 2006 సెప్టెంబరు ఆఖర్లో ఇక్కడికి వచ్చాం. అప్పటినుంచీ ఇల్లు మారాం గానీ నజ్మా మారలేదు. అప్పట్లో విమానాశ్రయం దగ్గర్లోనే ఉండేది కాబట్టి, విమానాలు మా కిటికీ పక్కనించే వెళ్తున్నట్టుండేవి. 2014లో హమద్ విమానాశ్రయం తెరిచాక ఆ చప్పుడు పోయింది. మళ్ళీ 2022లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం పాతదాన్ని మూడు నెలల పైన తెరిచారు. ఆ మూడు నెలలూ మా చిన్నవాడు ప్రతి విమానానికీ "ఇది మామ్మా వాళ్ళ ఊరికేనా?" అని అడుగుతూనే ఉన్నాడు.

మామ్మ అంటే మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. పిల్లలు పుట్టాక అందరికీ మామ్మే అయిపోయింది. ఊరు అంబాజీపేట. కోనసీమలో కొబ్బరికాయల బేరమంతా జరిగేది అక్కడే. పిల్లలకి ఆ ఊరంటే మామ్మ, ఆవు, పొట్టిక్కలు, ఈ మూడే. పొట్టిక్కలంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాం: పనసాకులు నాలుగు కలిపి పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు. ఆ ఆకు వాసన నజ్మాలో ఏ హోటల్లోనూ దొరకదు. మేము వెతికాం.

ఈ వ్యాసం మామ్మకి వెయ్యో పున్నమి వచ్చిన సందర్భం గురించి. మనవైపు అరవై ఏళ్ళకి షష్టిపూర్తి చేసుకున్నట్టే, వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి సహస్ర చంద్ర దర్శనం అని చేస్తారు. ఎన్నో ఏట చెయ్యాలన్నదానికి ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క చెబుతారు. మా అమ్మాయికి అప్పటికి పదకొండేళ్ళు. ఈ మాట వినగానే దానికొక అనుమానం వచ్చింది. "ఏడాదికి పన్నెండు పున్నములైతే, ఎనభై ఏళ్ళకి తొమ్మిది వందల అరవయ్యే కదా, మిగతా నలభై ఎక్కడివి?" మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. చివరికి అదే తెలుగు బడి నోటుపుస్తకంలో వెనక పేజీ తీసి కూర్చుంది.

పిల్లలూ, ఆ లెక్క మీకూ పనికొస్తుంది. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29.53 రోజులు. పన్నెండు పున్నములు కలిపితే 354 రోజులే అవుతాయి. ఆ తేడా సర్దడానికే మన పంచాంగంలో పందొమ్మిదేళ్ళకి ఏడు చొప్పున అధిక మాసాలు వస్తాయి. ఎనభై ఏళ్ళలో అవి ఇంచుమించు ముప్పై. మిగిలిన పది నెలలూ కలుపుకుంటే వెయ్యి. అంటే 80 ఏళ్ళ 10 నెలల చిల్లర. మామ్మకి పుట్టినతేదీ కాగితం ఏమీ లేదు. తారణ నామ సంవత్సరం, శ్రీరామనవమి వెళ్ళిన రెండో రోజు అని మాత్రం తెలుసు. తారణ అంటే 1944. ఆ ఏడు చైత్ర పున్నమి ఏప్రిల్ 8న వచ్చింది. దాన్ని ఒకటిగా లెక్కపెట్టుకుంటూ వస్తే వెయ్యోది 2025 జనవరి 13. పుష్య పున్నమి. ఆ రోజే భోగి!

పండగా, పున్నమీ, ఈ లెక్కా మూడూ ఒకే రోజున పడ్డాయంటే ఎవరికైనా సరదాగానే ఉంటుంది. మాకు మాత్రం సరదా కంటే కంగారు ఎక్కువైంది. దానికి కారణం తాతగారు.

తాతగారు 1939లో దసరా నవరాత్రుల్లో పుట్టారు. ఆయన వెయ్యో పున్నమి 2020 ఆగస్టు 3, శ్రావణ పున్నమి. ఆ ఏడు జనవరిలోనే టిక్కెట్లు కొన్నాం. మామ్మకి చీర, తాతగారికి జరీ పంచె కూడా తెప్పించి అలమరలో పెట్టాం. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మే నెలలో, వైశాఖ పున్నమి వెళ్ళిన వారానికి, ఆయన నిద్రలోనే పోయారు. నజ్మాలో మా ఇంట్లో సోఫా మీద ఫోను గోడకి ఆనించి పెట్టుకుని అందరం కింద కూర్చున్నాం. బొమ్మ ఆగుతూ, కదులుతూ వచ్చింది. పెద్దవాళ్ళు ఎవరో ఆ చివర "ఇంక ఫోను పెట్టెయ్యండి" అన్నారు. ఆ పంచె ఇప్పటికీ అలమరలోనే ఉంది. ఆయన లెక్క 997 దగ్గర ఆగింది. మూడు పున్నములు తక్కువ.

అందుకని మామ్మ విషయంలో ఎవరు ఏమన్నా ఆ రోజుకి అక్కడ ఉండాలనుకున్నాం. జనవరిలో బడికి సెలవులు లేవు. ఆఫీసులో సంవత్సరాంతం పని. అవి ఎలాగో సర్దాం, ఆ గొడవంతా ఇక్కడ ఎందుకు.

బయల్దేరే ముందు అమ్మాయి ఇంకో లెక్క వేసింది. మా పాత పాస్‌పోర్టులన్నీ తీసి, ముద్రల్లో తేదీలు చూసి, పంచాంగంతో కలిపి, మనం మామ్మ దగ్గర ఉండగా ఎన్ని పున్నములు వచ్చాయో చూసింది. మేము దోహా వచ్చినప్పటినుంచీ భోగి పున్నమితో కలిపి 227. అందులో మామ్మ దగ్గర ఉన్నవి పదహారు. భోగితో పదిహేడు.

నెలరోజుల సెలవు మీద ఏటా వెళ్ళేవాళ్ళకి ఏడాదికొక పున్నమి, మహా అయితే రెండు. వెళ్ళని ఏడు అదీ లేదు. ఎవరికి వాళ్ళం తెలిసిన సంగతే. కానీ పిల్ల చేతిరాతలో, కింద రెండు గీతలు గీసి, 17 అని కనిపిస్తే ఎలా ఉంటుందో ఈ పుస్తకం చదివే తల్లిదండ్రులకి చెప్పక్కర్లేదు.

జనవరి 10, శుక్రవారం బయల్దేరాం. దోహా నుంచి హైదరాబాదుకి నాలుగు గంటలే. అసలు ప్రయాణం అక్కణ్ణించి మొదలవుతుంది. సంక్రాంతి ముందు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరకడం మా వల్ల కాలేదు, కారు మాట్లాడుకున్నాం. భాగ్యనగరం మొత్తం మాతోపాటే బయల్దేరినట్టుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లలో మాది ఒకటి. పిల్లలు సగం దారి నిద్రపోయారు. తణుకు దాటి సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ కనపడగానే వాళ్ళని లేపాం. మాకొక అలవాటుంది, ఆ వంతెన మీద కారు అద్దాలు దింపుతాం. గోదావరి గాలి తగిలితే ఇంటికొచ్చినట్టే. అవతల రావులపాలెం, అరటిగెలల లారీలు, అక్కణ్ణించి కాలవ గట్టు వెంట కొబ్బరి చెట్ల నీడ.

మామ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఏవే, చిక్కిపోయావు" అంది అమ్మాయిని చూసి. దోహాలో కంటే రెండు కిలోలు పెరిగిన పిల్లని!

వేడుక ఎలా చెయ్యాలన్నది ముందే పెద్ద చర్చ అయింది. "ఆయన లేకుండా నాకు పీటలేవిట్రా" అని మామ్మ ఫోనులోనే ఖరాఖండీగా చెప్పేసింది. బంధువుల్లో చెయ్యాలన్నవాళ్ళూ ఉన్నారు, కూడదన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి కొడుకులూ కోడళ్ళూ పొద్దున్న సత్యనారాయణ వ్రతం చేసుకోవడం, మధ్యాహ్నం వీధిలో వాళ్ళందరికీ భోజనాలు, సాయంత్రం చంద్రుడు వచ్చాక పెరట్లో పాలపరవాన్నం అని తేలింది. మా ఉద్దేశంలో ఇది పీటల మీద కూర్చోబెట్టడం కంటే బాగుంది. ఆవిడ పొద్దుణ్ణించీ కుర్చీలో కూర్చుని అందరి మీదా అజమాయిషీ చేసింది. పనసపొట్టు కూరలో ఆవ చాలలేదని రెండుసార్లు వెనక్కి పంపింది.

తెల్లవారుజామున భోగిమంట వేశాం. పిల్లలు పిడకల దండలు పట్టుకుని నిలబడితే చిన్నవాడు మాత్రం తన దండ మంటలో వెయ్యనని, దోహా తీసుకెళ్తానని పేచీ పెట్టాడు. వాడికి ఏడేళ్ళొచ్చినా సాయంత్రం మామ్మ భోగిపళ్ళు పోసింది. రేగుపళ్ళు, చిల్లర, చెరుకుముక్కలు నెత్తిమీంచి జారుతుంటే వాడు "ఇది గరంగావా?" అన్నాడు. మామ్మకి అర్థం కాలేదు. అమ్మాయి చెప్పింది: రంజాను నెల పద్నాలుగో రాత్రి ఖతర్లో పిల్లలందరూ మెళ్ళో సంచులు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, పెద్దవాళ్ళు పల్లీలు, బాదం పప్పులు, మిఠాయిలు పోస్తారు, మన మేడలో పై అంతస్తు వాళ్ళు మాకూ పోస్తారు అని. మామ్మ వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుంది. "పద్నాలుగో రాత్రంటే పున్నమేగా. మరి వాళ్ళకీ వెన్నెల్లోనే పిల్లల పండగ" అంది. నజ్మా అంటే అరబ్బీలో నక్షత్రం అని కూడా అప్పుడే చెప్పాం. పద్దెనిమిదేళ్ళుగా ఉత్తరాల మీదా పార్సిళ్ళ మీదా ఆ పేరు రాయిస్తున్నావిడకి అది ఏదో పెద్దమనిషి పేరని ఉందట ఇన్నాళ్ళూ.

చీకటి పడ్డాక చంద్రుడు కొబ్బరాకుల మీదికి వచ్చాడు. పక్కనే ఎర్రగా అంగారకుడు. "అదిగో మన నజ్మా!" అని చిన్నవాడు అరిచాడు, అది నక్షత్రం కాదు గ్రహం అని అక్క సరిదిద్దింది. అందరికీ గ్లాసుల్లో పరవాన్నం ఇచ్చారు. అమ్మాయి తను రాసుకొచ్చిన కాగితం తీసి తెలుగులో చదివింది. ఏప్రిల్ 8 నుంచి జనవరి 13 దాకా లెక్కంతా. ఆఖర్న పదిహేడు అన్న మాట కూడా చదివేసింది. అది చదవొద్దని ముందు చెప్పడం మాకు తట్టలేదు. పెరట్లో ఎవరూ మాట్లాడలేదు.

మామ్మ నవ్వింది. "వెయ్యెక్కడే నేను చూసింది? శ్రావణ భాద్రపదాల్లో పున్నములు మబ్బుల్లోనే పోతాయి. చిన్నప్పుడు నిద్రపోయాను. పెళ్ళయ్యాక రాత్రిళ్ళు వంటింట్లో ఉన్నాను. గట్టిగా చూసినవి నాలుగో అయిదో."

ఏవేవని పిల్లలు అడిగారు. మామ్మ చెప్పింది. ఒకటి 1986 వరదలప్పటిది. వైనతేయ ఒడ్డు లంకలో ఆవిడ పుట్టిల్లు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. అంతకుముందు అంత వరద ఎవరూ చూడలేదు. అది దాటిన మూడో రోజు రాఖీ పున్నమి. అన్నగారింటి డాబా మీద నుంచి చూస్తే పొలాలు లేవు, గట్లు లేవు, కనుచూపు మేరంతా నీళ్ళు, నీళ్ళంతా వెన్నెల. "అందం అనాలో ఏవనాలో తెలీలేదే" అంది.

ఇంకొకటి 1996. నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసిన సంగతి మా వయసువాళ్ళందరికీ గుర్తే. లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి. మా తోటలో నిలబడ్డవి పదకొండు. తరవాత వచ్చిన కార్తీక పున్నమికి మామ్మ దీపం పెట్టడానికి పెరట్లోకి వచ్చిందట. ఎప్పుడూ ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడే వెన్నెల, ఆ రోజు అడ్డం లేకుండా వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది. "పెరడంతా పట్టపగల్లా ఉంది. ఆ వెలుగు చూసి ఏడ్చాను. ఏడవడానికి అప్పుడు తీరింది" అంది.

ఈ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు. కొబ్బరి మొక్క వేస్తే ఆరేడేళ్ళకి గానీ కాపు రాదు. ఆ ఆరేడేళ్ళు దింపు లేదు, రాబడి లేదు, చదువుల అప్పులు మాత్రం ఉన్నాయి. మా దోహా ప్రయాణం నిజానికి ఆ తుపాను నాడే మొదలైందని మేము అప్పుడప్పుడూ అనుకునేవాళ్ళం. ఆ రాత్రి పెరట్లో మా తల మీద ఉన్న చెట్లు తుపాను తరవాత తాతగారు వేసినవే. ఆకుల సందుల్లోంచి వెన్నెల మళ్ళీ చుక్కలుగానే పడుతోంది.

మిగతావి ఏవని అడిగితే మామ్మ చెప్పలేదు. "అవి మీ తాతగారివీ నావీ" అంది. పిల్లలు ఎంత బతిమాలినా అంతే.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు ప్రభలు వస్తాయి, ఏకాదశ రుద్రులని పేరు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభల్ని అంత బరువుతో కౌశిక దాటిస్తుంటే చిన్నవాడు తాతయ్యల భుజాలెక్కి చూశాడు. పిడకల దండ సంగతి మర్చిపోయాడు. ఆత్రేయపురం పూతరేకులు, తేగలు, మామ్మ ఆవకాయ కట్టించుకుని పద్దెనిమిదో తేదీకి తిరిగొచ్చేశాం.

ఫిబ్రవరి 12న మాఘ పున్నమి. రాత్రి మామ్మే ఫోను చేసింది. మా కిటికీకి ఎదురు మేడ అడ్డం. ఫోను పట్టుకుని అందరం కిందికి దిగి, లాండ్రీ షాపు పక్క ఖాళీ జాగాలో నిలబడ్డాం. ఫోను పైకెత్తి చూపిస్తే తెల్లటి మచ్చలా కనపడింది ఆవిడకి. ఆవిడ చూపించింది మాకూ అంతే. అమ్మాయి అడిగింది: "మామ్మా, ఫోన్లో చూస్తే లెక్కకి వస్తుందా?"

"రాదు. వేసవికొచ్చి చూడు."

వేసవి సెలవులకి వెళ్ళాం. జులై 10, ఆషాఢ పున్నమి. సాయంత్రం నుంచీ ముసురు. మామ్మా, పిల్లలూ పది దాటేదాకా అరుగు మీద కూర్చున్నారు. నోటుపుస్తకంలో అమ్మాయి 18 వేసి, పక్కన 'మబ్బు' అని రాసుకుంది.