ఇల్లు కొనువారు అడుగవలసిన ప్రశ్న



మన సంసారములలో ఇల్లు కొనుట జన్మమున కొక్కమాఱు జరుగు కార్యము. చీర కొనునప్పుడు అంచు త్రిప్పి చూతుము. వంకాయలు కొనునప్పుడు పుచ్చు లేవని యొక్కొక్కటే ఏరికొందుము. కాని యిరువది ముప్పది యేండ్లు కూడబెట్టినది ధారపోసి యిల్లు కొనునప్పుడు మాత్రము, "కాగితములు మగవారు చూచుకొందురు" అని వంటయింటిలోనికి పోవుదుము. ఆ బయానా పైకములో మన గాజులును, పుట్టింటివారు పెట్టిన గొలుసును కరగి కలసియుండును. ఈ తప్పు నేనును చేసినదానను గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

నా పుట్టినిల్లు చేవెళ్ల దాపుననున్న ముడిమ్యాల. మావి ఎఱ్ఱనేలలు. టొమాటో, కూరగాయలు, పూలు మా పంటలు. తెల్లవాఱకముందే మా అమ్మ గంపలు నింపి పట్నపు మార్కెటుకు పంపుట నా కిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది. నేను పెండ్లియై పట్నమునకు వచ్చి యిరువదియేడేండ్లైనది. ఈ కాలములో ఆఱు అద్దె యిండ్లు మాఱితిమి. 2023వ సంవత్సరాంతమున మావారు, "పిల్లల చదువులు ముగిసినవి, ఇక మనకొక నీడ చూచుకొందము" అనిరి. పట్నములోని ఫ్లాటుల ధరలు విని బెదరి, ఊరి వెలుపల స్థలమైన దొరకునేమో యని బయలుదేఱితిమి.

ఒక ఆదివారమునాడు ప్లాటు లమ్మువారు మాకై కారు పంపిరి. కారు బిజాపురము బాట పట్టి మొయినాబాదు చేరెను. ఇరుప్రక్కల ఊడలమఱ్ఱులు కానవచ్చినవి. కారులోనున్న చిన్నవాడు మంచి మాటకారి. "అమ్మా, 111 జీ.ఓ. పోయినది. ఇప్పుడు కొన్నచో రెండేండ్లలో రెండింతలగును" అనెను. ఈ మాట విని ఎందఱో సొమ్ము పోసియున్నారు గనుక దీని సంగతి కొంచెము చెప్పవలెను.

1908 సెప్టెంబరు 28న మూసీ వఱదలో హైదరాబాదు నగరము మునిగిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరమును, ఈసీపై హిమాయత్‌సాగరమును కట్టిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. ఆ జలాశయముల నీరు చెడకుండుటకై ప్రభుత్వము 1996 మార్చి 8న 111వ జీ.ఓ. నిచ్చి, పది కిలోమీటరుల పరిధిలోని 84 గ్రామములలో కాలుష్యము చేయు పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాసపు కాలనీలను నిషేధించెను. మొయినాబాదు ప్రాంతపు గ్రామము లనేకము ఆ పట్టికలోనివే. 2022 ఏప్రిలులో వచ్చిన 69వ జీ.ఓ. ఈ నిర్బంధములను సడలించెను గాని, జలాశయముల నీటికి హాని రాకూడదను షరతు అందులోనే కలదు. 2023 మే మాసమున 111ను పూర్తిగా తొలగింతుమని మంత్రిమండలి నిర్ణయించినట్లు ప్రకటించిరి. నిర్ణయము ప్రకటించుట వేరు. మనము కొను సర్వే నంబరులో గోడ లేపుటకు అనుమతి దొరకుట వేరు. కావున "111 ఉన్నదా, పోయినదా?" అని అమ్మువానిని అడిగి లాభము లేదు. "ఈ సర్వే నంబరులో ఇల్లు కట్టుకొన నేడు అనుమతి యిత్తురా?" అని హెచ్.ఎం.డీ.ఏ. కార్యాలయములో అడిగి, ప్రత్యుత్తరము వ్రాతమూలముగా తెచ్చుకొనవలెను.

మొయినాబాదు వద్ద మాకేమియు నచ్చలేదు. "ఇంకను ముందుకు పోయినచో అగ్గువకు దొరకును" అని అతడు కారును ముందునకు పోనిచ్చెను. తెలిసిన మలుపు తిరుగునప్పటికే నా గుండె కొట్టుకొన మొదలిడెను. కారు ఆగినది మా ముడిమ్యాలలో, మా నాయన దున్నిన చేనిలో.

చింతచెట్టు లేదు. మోటబావి పూడ్చివేసిరి. పసుపు, తెలుపు రంగులు పూసిన రాళ్లు వరుసగా పాతియున్నవి. వీనిని "ఫార్మ్ ప్లాటులు" అనుచున్నారు. అనగా ఇండ్ల స్థలముగా మార్పించక, లేఅవుటునకు అనుమతి పొందక, సాగుభూమినే గుంటల లెక్కన కోసి అమ్ముట. గుంట యనగా 121 చదరపు గజములు. ఎకరమునకు నలుబది గుంటలు. ఇట్టి స్థలము రిజిస్టరైనను ఇంటి స్థలము కానేరదు. ఇల్లు కట్టుటకు అనుమతి చిక్కదు. బ్యాంకువారు ఇంటి అప్పియ్యరు. పటములో చూపిన బాట రేపు ఎవరిదగునో తెలియదు. "పంచాయతీ లేఅవుటు" అను మాటకును మోసపోరాదు. పంచాయతీ తనంత తాను లేఅవుటునకు అనుమతి నియ్యజాలదు, హెచ్.ఎం.డీ.ఏ. గాని డీ.టీ.సీ.పీ. గాని ఆమోదించిన సంఖ్య ఉండవలెను.

ఆ చిన్నవాడు మూలనున్న ప్లాటు చూపి, "ఇది ఈశాన్యపు బిట్టు, వాస్తుకు దివ్యముగా నుండును" అనెను. వానకాలమున మోకాలిలోతు నీరు నిలుచు మూల యదియే. చిన్నతనమున మేమక్కడ కాగితపు పడవలు వదలినాము. కాబట్టి స్థలము కొనదలచినవారు ఎండకాలమున ఒకమాఱు, వాన వెలసిన మఱునాడు ఒకమాఱు పోయి చూడవలెను. పొరుగు చేనివానిని, గొఱ్ఱెలు కాయువానిని నీరెటు పోవునని అడుగవలెను. చెఱువు శిఖమునకును దాని అంచుననున్న బఫరునకును దూరముగా నుండవలెను. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ ఏర్పడిన పిమ్మట అట్టిచోట కట్టిన ఇండ్లు కూలుట మనమందఱమును చూచితిమి.

అతడు గుంట ధర చెప్పెను. నేను మనస్సులో నలుబదితో హెచ్చించి, మా నాయన ఎకరములతో మరల హెచ్చించి, మాటలేక కారులో కూర్చుంటిని.

2018లో మా అన్న ఫోను చేసి, "చెల్లె, ఒక్కమాఱు వచ్చి సంతకము పెట్టి పోవలె" ననెను. నాయన పోయి అప్పటికి మూడేండ్లు. నేనును మా అక్కయు పోయితిమి. "ఏమి వ్రాసియున్నదన్నా?" అని అడిగితిని. "ఏమున్నది చెల్లె, ఉత్త సంతకమే" అనెను. వదినె చేతిలో చీర పెట్టి, బొట్టు పెట్టి, అన్నము పెట్టినది. ఆ కాగితము హక్కు విడుదల పత్రమని నాకు తెలియదు; తెలిసికొనవలెననియు తోచలేదు. మా అన్నను నిందించుటకై ఇది వ్రాయుటలేదు. అమ్మను కడవఱకు కనిపెట్టుకొని చూచినవా డాతడే. కాని చదువు వచ్చిన నేను చదువక సంతకము చేసితిని. అది నా తప్పు.

తరువాత పట్నములోనే ఒక పాత ఇల్లు కుదిరినది. నూట ఇరువది గజముల స్థలము, క్రింద మూడు గదులు, పెరటిలో జామచెట్టు. అమ్మువారు ఇద్దఱన్నదమ్ములు, ఇల్లు గతించిన తండ్రి స్వార్జితము. తల్లియు లేదు. మావారు రెండు లక్షలు బయానా ఇచ్చి వచ్చిరి. అందు ఒక లక్ష నా రెండుపేటల గొలుసు అమ్మగా వచ్చినది. కాగితములన్నియు చక్కగా నుండెను. ముప్పదియేండ్ల ఈ.సీ. తీయించితిమి, తాకట్టు లేదు, మఱొక అమ్మకము లేదు. పూర్వపు దస్తావేజులు గొలుసుకట్టుగా సరిపోయినవి. ఇంటి పన్ను రసీదులు వారి పేరనే యున్నవి. ఈమాఱు నేనును కూర్చుండి ప్రతి పుట చదివితిని. చదివినకొలది ముడిమ్యాల సంతకము జ్ఞప్తికి వచ్చెను. "మీకు అక్కచెల్లెండ్రు లేరా?" అని యడిగితిని.

కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు. పిమ్మట పెద్దవాడు, "చెల్లె లొకతె యున్నది. పెండ్లి చేసి పంపితిమి. దాని కియ్యవలసినది అప్పుడే ఇచ్చితిమి" అనెను.

ఇదియే నేను మీకు ముఖ్యముగా చెప్పదలచినది. ఈ.సీ.లో రిజిస్టరైన వ్యవహారములు మాత్రమే కానవచ్చును. ఆడుబిడ్డ హక్కు అందు కానరాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి, వీలునామా వ్రాయక గతించిన తండ్రి స్వార్జితములో కొడుకుతోపాటు కూతునకును సమానభాగము కలదు. పెండ్లికి పెట్టిన కట్నము ఆ భాగమును తుడిచివేయదు. ఇక పిత్రార్జితపు ఉమ్మడి ఆస్తియందు, నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వకాలమున వచ్చిన 1986 నాటి సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కూతుండ్రకు సమానహక్కు నిచ్చెను. 2005 సెప్టెంబరు 9నుండి కేంద్రచట్టము పెండ్లియైనవారికిని ఇచ్చెను. ఆనాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమముగా జరిగిన పంపకములు, అమ్మకములు మాత్రము దీనివలన కదలవు. కనుక తోబుట్టువు సంతకము లేని ఇల్లు కొన్నచో, పదియేండ్లకైనను ఆమె గాని ఆమె పిల్లలు గాని భాగ మడుగవచ్చును. అప్పుడు కోర్టు మెట్లెక్కవలసినది మనమే.

మా వకీలుగారు ఆమె సంతకము కావలెననిరి. "దానికేమి, చీరపెట్టి తీసికొనివత్తుము" అని అన్నదమ్ము లనిరి. ఆ మాట నా మనస్సున ముల్లువలె నాటెను. నేనే అడ్రసు కనుగొని పోయితిని. ఆమె నగరపు ఆవలి కొసన, ఒక్క గదిలో కుట్టుమిషను పెట్టుకొని రవికెలు కుట్టుచున్నది. ఇల్లమ్ముచున్న సంగతియే ఆమె కెఱుకలేదు. చెప్పగా కొంతసేపు మిషను చక్రముపై చేయి వేసి యూరకుండి, "సంతకము చేసినచో పుట్టిల్లు నిలుచును, చేయనిచో పోవును. మీరైన ఏమి చేసెదరు అక్కా?" అనెను.

నే నేమి చేసితినో ఆమెకు చెప్పితిని. చదువక సంతకము చేయవద్దని మాత్రము చెప్పి వచ్చితిని.

ధరలోని మూడవభాగము ఆమె పేర చెక్కుగా వ్రాసి, ఆ సంగతి దస్తావేజులో చేర్చిననే కొందుమని మావారిచే చెప్పించితిని. "మా ఇంటి గొడవలు మీకేల?" అని వారు బేరము విడిచిరి. బయానాలో లక్ష తిరిగి ఇచ్చిరి, లక్ష పోయినది. మావారు నాలుగు దినములు నాతో సరిగా మాటలాడలేదు. అది సహజమే.

2024లో మేము చిన్న ఫ్లాటు కొంటిమి. అప్పుడు నేర్చిన సంగతులు కొన్ని చెప్పెదను. 500 చదరపు మీటరులకును, ఎనిమిది ఇండ్లకును మించిన కట్టడము రెరాలో నమోదు కావలెనని 2016 నాటి చట్టము. నమోదు కాకముందే "ప్రీలాంచ్" అని తక్కువ ధరకు అమ్మజూపువారి దరికి పోరాదు, అది చట్టవిరుద్ధము. ఒప్పందము రిజిస్టరు చేయకముందు ధరలో నూటికి పదికి మించి తీసికొన వారికి హక్కు లేదు. ఇచ్చిన సొమ్ములో నూటికి డెబ్బది వంతులు ఆ కట్టడమునకే వేఱు ఖాతాలో నుంచవలెను. గోడలలోపలి కొలత, అనగా కార్పెట్ ఏరియా, ఎంతయో వ్రాయించుకొనవలెను. ఇల్లప్పగించిన ఐదేండ్లలోపల కట్టడపు లోపము బయటపడినచో కట్టినవారే బాగుచేయవలెను. రిజిస్ట్రేషను ఖర్చు వేఱుగా ఉంచుకొనుడు. 2021 జూలైలో అది నూటికి ఏడున్నర చేయబడినది. అన్నిటికంటె ముఖ్యముగా, మన బంగారము ఆ యింటిలో కలసినచో మన పేరును దస్తావేజులో కలియవలెను.

రెండు మాసముల క్రిందట ఆ కుట్టుపనియామె ఫోను చేసినది. మఱొకరు ఆ యింటిని కొనవచ్చిరట. వారి వకీలును ఆమె సంతకమే కోరెనట. "కాగితము మొదటినుండి చివఱవఱకు చదివి వినిపింపుమంటిని అక్కా. చెక్కు నా పేర వ్రాసినారు" అనెను. ఎంత వ్రాసిరో నేనడుగలేదు. అన్నలు మాటలాడుచున్నారా యని యడిగితిని. "ఇంకను లేదు" అని చెప్పి, మిషను మీద పని యున్నదని ఫోను పెట్టివేసినది.