గండము గడచిన పిమ్మట

గుండెకు శస్త్రచికిత్స జరిగి రోగి యిల్లు చేరెనా, మన కుటుంబములలో "గండము గడచినది" యని టెంకాయ కొట్టుదురు. ఆ నిశ్చింతను గూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

మా మోతీనగరమునకు చలనచిత్రసీమ చేరువగుటచే, ఇచటివారు రోగికి ధైర్యము చెప్పవలసినపుడు అక్కినేని నాగేశ్వరరావుగారి నుదాహరింతురు. 1974లో అమెరికాలో వారి గుండెకు శస్త్రచికిత్స జరిగెను. పిమ్మట దాదాపు నలువదియేండ్లు, 2014 వఱకు, వారు జీవించిరి. ఉదాహరణము సత్యమే. కాని యంతటి యాయువును శస్త్రమొక్కటే యీయజాలదు.

గుండె పంపు రక్తములో సుమారైదవవంతు మూత్రపిండములకే పోవును. శస్త్రచికిత్సవేళ రక్తపుపోటు తగ్గినచో ముందుగా నలగునవి యవియే. అవి నలగినచో నీరు, పొటాషియము శరీరమున నిలిచిపోవును. పొటాషియము మితిమీరిన గుండె లయ చెడును. లయ చెడిన గుండె రక్తమును చక్కగా పంపజాలక మూత్రపిండములను మఱింత నొప్పించును. వియ్యాలవారివలె, ఒక యింటి కష్టము రెండవ యింటిని తాకక మానదు. శస్త్రచికిత్స పొందిన ముగ్గురు నలుగురిలో నొకరికి తొలిదినములలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను లయభంగము కలుగును. అది తఱచుగా సర్దుకొనును. ఉపేక్షించినచో గుండెలో రక్తము గడ్డకట్టి పక్షవాతమునకు దారితీయవచ్చును.

మా వీథిలో నొక పెద్దమ్మగారు ఇల్లు చేరిన వారమునకు మూత్రము తగ్గినదని కోడలితో చెప్పుటకు సిగ్గుపడి మూడు దినములు దాచిరి. గుండెదడ యనగా కుమారుడు "అది గ్యాసేనమ్మా" అనెను. కాళ్లు వాచి, ఊపిరి యాడకున్నపుడుగాని యాసుపత్రికి పోలేదు. ప్రాణము దక్కినది, మూత్రపిండములు మాత్రము పూర్వపుశక్తిని పొందలేదు. దేహబాధను దాచుటయే స్త్రీకి మర్యాద యని తరతరములుగా నేర్పిన చదువునకు ఫలమిది.

సోదరీసోదరులారా, ప్రతి యుదయమును రోగి బరువు తూచి, నిండు నిమిషము నాడి లెక్కించి, మూత్రపు కొలత నొక పుస్తకమున వ్రాయుడు. వైద్యునడుగక నొప్పిమాత్రలీయకుడు, మూత్రపిండములు నలగియున్నపుడు కొబ్బరినీరును పొటాషియమును పెంచి హాని చేయగలదు. క్రియాటినిను పరీక్ష యెప్పుడని మీరే యడుగుడు. అన్నిటికంటె ముందు, రోగి సిగ్గుపడక చెప్పుకొనుటకు తగిన చనువును ఇంటిలో కల్పింపుడు. దానికి ధనముతో పనిలేదు.